నిదానంగా పరిగెత్తేవాళ్లు ముందు

కుప్పంలో సభ ఉందని ముందురోజే వెళ్లి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాను. తెల్లవారుతుండగా కిటికీ కింద రోడ్డు మీద చాలా జతల పాదాల చప్పుడు వినిపించి మెలకువ వచ్చింది. ఒక్క మనిషి పరుగుకు ఒక తాళం ఉంటుంది. గుంపు పరుగుకు ఉండదు. చేటలో అలసందలు చెరుగుతున్నట్టు ఒకటే గలగల, మధ్యలో ఎవరిదో దగ్గు, ఎవరిదో నవ్వు, సగంలో తెగి మళ్లీ అందుకున్న మాట. కళ్లు తెరవకుండా వింటూ పడుకున్నాను. ఆ చప్పుడు దూరమయ్యాక, మునెప్ప సారు ఈ ఊళ్లోనే కదా కన్ను మూశారు అని గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, మరిచిందెప్పుడు? కానీ అంతవరకు ఆయన మరణం ఒక సమాచారంగా ఉండేది. ఆ పూట అది లోటుగా తగిలింది.

ఆయనను చూడనివాళ్ల కోసం రాస్తున్నాను గనుక ముందు నా సంగతి కొంత చెప్పాలి. నేను మదనపల్లెలో కాలేజీలో పాఠాలు చెబుతాను. మిగిలిన సమయమంతా నమ్మకాలతో తగాదా. జాతకాలు, దిష్టి, శకునం, బాణామతి, దేన్నీ వదిలిపెట్టలేదు. కుర్రతనంలోనే సంస్కరణ సభల్లో వేదికలెక్కి వాదించడం నేర్చుకున్నదాన్ని. ఎదుటివాడి వాదనలో ఏ ఇటుక లాగితే గోడ కూలుతుందో నాకు చప్పున తెలుస్తుంది. ఆ విద్య వల్ల నాకు ప్రత్యర్థులు చాలామంది దొరికారు, అభిమానులు కొందరు దొరికారు. రెండు రోజులు కనిపించకపోతే తలుపు తట్టి ఎలా ఉన్నావని అడిగే మనిషి మాత్రం దొరకలేదు. నిద్ర తగ్గింది, బీపీ పెరిగింది. మాత్రలతో పాటు రోజూ నడవమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

అలా ఒక పొద్దున కాలేజీ మైదానం చుట్టూ ఒంటరిగా నడుస్తుంటే, తెల్లటి బనియను, మోకాళ్ల దాకా నిక్కరు వేసుకున్న ఒక బక్కపలచటి ముసలాయన పక్కకు వచ్చి నాతో సమానంగా అడుగులు వేశారు.

"ఎవురితో కొట్లాడతాండావమ్మా?"

"ఎవరితోనూ లేదు సార్. నడస్తాండాను."

"నోరు నడస్తాంది, కాళ్లు నిలబడిపోతాండాయి. నాలుగు దినాలుగా సూస్తాండా."

నిజమే. మర్నాడు సభలో చెప్పబోయే జవాబులను లోలోపల అనుకుంటున్నానని అనుకున్నాను. పెదవులు కదులుతున్నాయని తెలియదు. ఆయన నవ్వలేదు. ఎదురుగా మైదానం మూలలో ఒళ్లు విరుచుకుంటున్న గుంపును చూపించి, "మాతో రా. మేము మాట్లాడుకుంటానే పరిగెత్తతాం" అన్నారు.

"నాకు పరిగెత్తేది రాదు సార్."

"మాటొస్తాది కదా, సాలు. మాట రాకుండా ఆయాసమొస్తే స్పీడెక్కువైందని అర్థం. తగ్గించుకో. మా కాడ ఉండే లెక్క ఇదొకటే."

ఆయనే మునెప్ప సారు, హైస్కూల్లో వ్యాయామం టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. సొంతూరు కుప్పం పక్కన ఒక పల్లె. మాటలో అక్కడక్కడా కన్నడం, తమిళం దొర్లేవి. ఆయన గుంపులో నీరుగట్టువారిపల్లె నేతవాళ్లు, ఒక పోస్టుమ్యాను, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు ఉండేవాళ్లు. మైదానం నుంచి బసినికొండ వైపు వెళ్లి తిరిగిరావడం రోజూ దారి. లెక్క ఒకటే అన్నారు గానీ నిజానికి ఇంకో రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి, అందరికంటే నిదానంగా పరిగెత్తే మనిషి ముందుండాలి. గట్టివాళ్లు వెనక రావాలి. నాకది తలకిందుల వ్యవహారంగా కనిపించి మొదటి వారమే అడిగాను. "వెనకబడినోడు ముందుండేవానికి కనపడడమ్మా" అన్నారు. "ముందర పెట్టుకుంటే అందరికీ కనపడతాడు. ఆయప్ప వేగమే మన వేగం." రెండోది, ఎవరైనా రాకపోతే మర్నాడు గుంపు దారి మార్చుకుని ఆ మనిషి ఇంటి ముందు నుంచి వెళ్లాలి. పిలవకూడదు, తలుపు కొట్టకూడదు. పరిగెత్తుతూ పోవాలి, అంతే. దుప్పటి కింద పడుకుని ఆ చప్పుడు వినడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒక వానాకాలం పొద్దున నా వీధిలోకీ వచ్చారు.

నా బీపీ తగ్గింది. పరుగు వల్లే తగ్గిందని మాత్రం సభాముఖంగా చెప్పలేను. అదే రోజుల్లో ఊరగాయ కూడా మానేశాను, మాత్ర కూడా మార్చారు. ఒక్క మనిషి అనుభవాన్ని రుజువుగా చూపించేవాళ్లను నేను వేదికల మీద ఉతికి ఆరేసినదాన్ని, ఇప్పుడు నా విషయంలో నియమం సడలించడం న్యాయం కాదు. నిద్ర పట్టడం, మెట్లెక్కితే రొప్పు రాకపోవడం, పొద్దున్నే మొదటి మాట కోపంతో మొదలు కాకపోవడం, ఇవి నాకు తెలిసిన సంగతులు. ఇంకో సంగతి కూడా గమనించాను. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడితే మనిషి ముఖం చూస్తాం, ఆ ముఖంలో ఓటమి వెతుకుతాం. పక్కపక్కన పరిగెత్తుతూ మాట్లాడితే ఇద్దరూ చూసేది రోడ్డునే. నేతవాళ్లలో ఒకాయన దేవుడి గురించి నాతో అలా ఎన్ని పొద్దులు మాట్లాడాడో. మదనపల్లెలో నన్ను తిట్టకుండా ఆ సంగతి మాట్లాడిన మొదటి ఆస్తికుడు ఆయనే.

రత్నమ్మ మా గుంపులోకి వచ్చింది ఆ మరుసటి ఏడు. ఆమెది పుంగనూరు. మదనపల్లెలో పాల డెయిరీ ఆఫీసులో ఉద్యోగం. భర్త బండి మీద వస్తూ ప్రమాదంలో పోయాడు. ఆ తరువాత ఆమెకు షుగరు పట్టుకుంది. పొద్దున్నే వాకిట్లోకి వస్తే, పనికి బయలుదేరుతున్న పక్కింటాయన మళ్లీ లోపలికి వెళ్లి కాసేపు కూర్చుని బయటికి వచ్చేవాడట. ఆమె ఆ సంగతి ఏడుస్తూ చెప్పలేదు. "పాపం, నా వల్ల ఆయప్పకు దినామూ ఆఫీసు లేటు" అని చెప్పింది. పంజాబీ డ్రస్సు, క్యాన్వాసు బూట్లు వేసుకుని వచ్చేది. మొదట్లో పది అడుగులు పరిగెత్తి ఇరవై అడుగులు నడిచేది. అందుకే మునెప్ప సారు ఆమెను ముందు పెట్టారు. గుంపంతా ఆమె వేగంతోనే కదిలేది. నెల తిరక్కుండానే ఆమె మాట గలగలమంది. "ఈడయితే గట్టిగా నవ్వొచ్చు సార్. మా వీధిలో నవ్వితే లెక్క రాసుకుంటారు" అనేది. తన వెనక అంతమంది తన కోసం నిదానంగా వస్తారనేది ఆమెకు మందులా పనిచేసిందని నా అనుమానం. రుజువు లేదు. ముఖం చూసి అంటున్నాను.

శీనప్పకు టమోటా మండీ ఉంది. రైతులు తెచ్చిన సరుకును వేలం వేయించే మనిషి. భారీ శరీరం, పెద్ద గొంతు, అందరికంటే ముందు నవ్వే అలవాటు. ఆయనకూ షుగరే. ఇల్లు బసినికొండ రోడ్డు మీదే గనుక మైదానానికి రాకుండా తన ఇంటి మలుపులో నిలబడేవాడు. మేము అటుగా రాగానే కలిసిపోయేవాడు. పరుగు అయ్యాక అటు నుంచి అటే మండీకి వెళ్లేవాడు. ఇక్కడే చిక్కు వచ్చింది. ఇంట్లోంచి బయటికి వచ్చి నిలబడిన మనిషికి ఎదురుగా గుంపు వస్తుంది. ఆ గుంపులో ముందు రత్నమ్మ ఉంటుంది. పొద్దున్నే పనికి పోయేవాడికి మొదట ఎదురొచ్చే ముఖం, భర్త లేని ఆడమనిషిది.

ధర ఉన్నన్నాళ్లు అది ఎవరికీ గుర్తు రాలేదు. ఆ ఏడు టమోటా కుప్పకూలింది. కోత కూలి కూడా రాదని రైతులు కాయలను రోడ్డు పక్కన గుమ్మరించి పోయారు. మేము ఆ పుల్లటి వాసనలో, ఎర్రటి బురద తప్పించుకుంటూ పరిగెత్తాం. ఒక పొద్దున మైదానం దగ్గర ఇడ్లీ బండి ముందు అందరం నిలబడి ఉంటే, శీనప్ప మునెప్ప సారు పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. ఆయన తగ్గించిన గొంతు నలుగురికి వినబడుతుంది.

"సార్, ఒక మాట. నేను కలిసే మలుపు దాకా ఆయమ్మను రోంత వెనక పెట్టండి. నేను కలిసినాక ముందరికే పొమ్మనండి. ఆయమ్మ మీద నాకేం పగ లేదు. మండీకి పోయే మనిషిని, అంతే."

నాకు ఒళ్లు మండింది. ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టి మొదలుపెట్టాను. కర్ణాటకలో, మహారాష్ట్రలో కాపు ఒక్కసారే దిగింది, లారీలన్నీ ఒకే మార్కెట్టుకు పోయాయి, మరి రత్నమ్మ అక్కడికి కూడా పోయి వాళ్లందరికీ ఎదురొచ్చిందా అని అడిగాను. కోలారులో మండీలు నడిపేవాళ్లు మా మదనపల్లె రోడ్ల మీద నిలబడలేదే, వాళ్లెలా మునిగారని అడిగాను. మొగుడు పోయిన ఆడదాని ముఖంలో ఉన్న చెడు, పెళ్లాం పోయిన మగవాడి ముఖంలో ఎందుకు ఉండదో చెప్పమన్నాను. పిల్లలు నవ్వారు. శీనప్ప ముఖం ఎర్రబడింది.

"మీకేమమ్మా, నెల తిరిగితే జీతమొస్తాది" అన్నాడు. "నమ్మకం ఉన్నా గడస్తాది, లేకపోయినా గడస్తాది. మాకట్ల కాదు."

నా వాదనలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. ఆ జవాబులో ఉన్న భయం మాత్రం అబద్ధం కాదు. మునెప్ప సారు ఇద్దరినీ విని, "వరస మారదు శీనప్పా" అన్నారు.

"అయితే నేను రాను సార్."

"రాకపోతే నీ ఇంటి ముందర నుంచి పోతాం. అదీ మారదు."

నీళ్ల కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్న రత్నమ్మ అంతా విన్నదని మర్నాడు తెలిసింది. ఆమె రాలేదు. శీనప్పా రాలేదు. నేతవాళ్లలో ఇద్దరు, "ఒక మలుపే కదా సార్, ఏం పోతాది, ఇద్దరూ ఉంటారు" అని నసిగారు. నేను వాళ్ల మీదికి వెళ్లాను. ఆ మలుపు దగ్గర వెనక్కి జరిపిన మనిషి జీవితమంతా వెనకే ఉండిపోతుందన్నాను. దారిపొడుగునా సారుతో ఇదే పోరు. శీనప్పను గుంపులోంచి తీసేయాలన్నాను. ఈ సంగతంతా పేర్లతో సహా పత్రికకు రాస్తానన్నాను.

"రాయమ్మా. వద్దనను" అన్నారు ఆయన, ఊపిరి చెదరకుండా. "రాసేసి, రేపటి నుంచి రత్నమ్మ ఏ వీధిలో పరిగెత్తాల్నో అది కూడా కింద రాయి."

ఆమెకు న్యాయం చేయడమంటే నాకు ఒక వ్యాసం. ఆమెకు అది మర్నాటి పొద్దున. రాయలేదు.

రత్నమ్మ వీధి ఇరుకు. ఆ మర్నాడు గుంపు అక్కడికి చేరేసరికి ఆమె వాకిట్లో నీళ్లు చల్లుతోంది. ఇక్కడ మాత్రం మునెప్ప సారు తన పద్ధతి తానే తప్పి ఆగారు. అందరం ఆగాం. పక్కింటి కిటికీ తెరుచుకుంది.

"నేను రాను సార్" అంది ఆమె చెంబు పట్టుకునే. "నా వల్ల మంది రెండుగా అయ్యేది యాల? లేకుంటే వెనకాలే వస్తాను. నాకేం నామోషీ లేదు."

"నీ వల్ల ఏమైందమ్మా? ఆయప్ప అడిగినాడు, నేను కాదన్నాను. అది నాకూ ఆయప్పకూ. నీకుండేది షుగరు. ఎండ ముదరతాంది, బూట్లేసుకో."

"ముందరే పరిగెత్తాల్నా?"

"నాకన్నా బిరీన పరిగెత్తు. అప్పుడు నేనే ముందరికి పోతా, నిన్ను వెనక్కి పెడతా."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయింది. చెంబు గడప మీద పెట్టి లోపలికి వెళ్లింది. మేము ఇరుకు వీధిలో నిలబడ్డచోటే కాళ్లు ఆడిస్తూ, కిటికీలోంచి చూస్తున్న పక్కింటాయనను చూస్తూ ఎదురు చూశాం. నేతాయన ఒకడు ఆయనకు నమస్కారం కూడా పెట్టాడు. బూట్లు కట్టుకుని వచ్చి రత్నమ్మ ముందు నిలబడింది. ఆ పొద్దున మాత్రం ఆమె నడవలేదు, మలుపు దాకా పరిగెత్తింది.

శీనప్ప ఇంటి ముందు నుంచి రోజూ వెళ్లాం. ఆయన భార్య గేటు దగ్గర నిలబడి, "లేసే ఉండాడు సార్, కాఫీ తాగతాండాడు" అని లోపలికి వినబడేట్టు చెప్పేది. మేము ఆగేవాళ్లం కాదు. కొన్నాళ్లకు ఆయన ఒంటరిగా బైపాసు మీద పరిగెత్తుతున్నాడని తెలిసింది. తరువాత అదీ మానేశాడని తెలిసింది. గుంపును పట్టించుకోని కుక్కలు ఒంటరి మనిషిని వదిలిపెట్టవు. శీనప్పంతటి మనిషి, బూటు ఒకటి చేతిలో పట్టుకుని పెట్రోలు బంకులోకి పరిగెత్తడం పోస్టుమ్యాను కళ్లారా చూశాడు. ఆ కథ మైదానంలో చాలాకాలం నడిచింది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున శీనప్ప తన మలుపులో కాకుండా మైదానానికే వచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా వరస చివరికి వెళ్తుంటే మునెప్ప సారు ఆపారు.

"యాడికప్పా?"

"వెనకాలకు సార్."

"ఇన్నాళ్లు కాలు కదపనోడివి, ఇప్పుడు అందరికన్నా స్లో నువ్వే. ముందరికి రా."

ఎవరూ నవ్వలేదు. శీనప్ప కాసేపు బూట్లు చూసుకుని ముందుకు వచ్చాడు. రత్నమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కదిలారు, వెనక మేమంతా. ఆయన ఇంటి మలుపులో ఖాళీగా ఉన్న రోడ్డును చూపించి రత్నమ్మ అడిగింది.

"ఈ పొద్దు నీకెవురెదురొచ్చినారప్పా?"

"ఎవురూ రాలేదు మా" అన్నాడు శీనప్ప రొప్పుతూ.

"నేనెట్ల వస్తాను, నీ పక్కనే ఉండాను కదా."

శీనప్పకు మాట రావడం లేదని మునెప్ప సారు వెనక నుంచి వేగం తగ్గించమన్నారు.

నేనైతే కథను ఇక్కడే ముగించేదాన్ని. జీవితం ముగించలేదు. ఆ వానలకు తోటలు దెబ్బతిని టమోటా ధర ఎగబాకింది. శీనప్ప ఒక పొద్దున స్కూటరు మీద బుట్ట నిండా కాయలు తెచ్చి, మైదానంలో అందరి ముందు రత్నమ్మ కాళ్ల దగ్గర పెట్టాడు. కళ్లలో నిజమైన కృతజ్ఞత.

"నీ పక్కన పరిగెత్తినప్పుటి నుంచి రేటు దిగలేదు మా. నాదే తప్పు. నీది మంచి శకునం."

చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు విప్పారాయి. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. నాకు కూడా ఒక్క క్షణం బాగానే అనిపించిందని చెప్పాలి. రత్నమ్మ బుట్ట వైపు చూడలేదు.

"దిగినప్పుడు నా వల్లే, పెరిగినప్పుడు నా వల్లే. నేనేమన్నా మార్కెట్టునా అప్పా?" అంది. గొంతు పెరగలేదు. "రేపు మళ్లీ దిగతాది. అప్పుడు నన్ను యాడ పెడతావు? మంచి శకునం కూడా వద్దు నాకు. షుగరుకు పరిగెత్తతాండాను, అంతే అనుకో. సాలు."

శీనప్ప చేతులు రెండూ వేలాడేశాడు. పెద్ద మనిషి చిన్నగా కనిపించాడు. "సరేమా. శకునం కాదు. తోటలో కాసినాయి, తీసుకో" అన్నాడు.

"అట్లయితే ఇయ్యి. పప్పులోకి పనికొస్తాయి."

నా నోరు అప్పటికే తెరుచుకుంది. చెడు శకునానికీ మంచి శకునానికీ మూలం ఒకటేనని, ఆమెను పూజించడం కూడా వెలివేయడం లాంటిదేనని, చెప్పవలసింది చాలా ఉంది. అదంతా నిజం కూడా. మునెప్ప సారు నా భుజం పక్కకు వచ్చి నిలబడ్డారు.

"ఆయమ్మ సెప్పేసింది కదమ్మా" అన్నారు నాకు మాత్రమే వినబడేట్టు. తరువాత అందరితో, "పదండప్పా, ఒళ్లు సల్లబడతాది" అన్నారు. గుంపు కదిలింది. నేను ఆ వాక్యాలన్నీ నోట్లోనే పెట్టుకుని పరిగెత్తాను. బసినికొండ చేరేసరికి వాటిలో చాలా వాటి అవసరం లేదని తేలింది.

పోయిన ఏడు ఆయన గుండె బలహీనపడి, కుప్పంలో కూతురి ఇంటికి వెళ్లారు. చలికాలంలో పోయారు. మేమంతా వ్యాను మాట్లాడుకుని వెళ్లి చివరి చూపు చూసి వచ్చాం. ఆయన దేవుణ్ని నమ్మేవారో లేదో అన్నేళ్లలో నేను అడగలేదు. నా జీవితంలో నేను ఆ ప్రశ్న అడగని మనిషి ఆయన ఒక్కరే కావచ్చు.

ఆ లాడ్జి పొద్దున తరువాత సాయంత్రం సభ జరిగింది. శకునాల మీదే మాట్లాడాను, గట్టిగానే మాట్లాడాను. నిప్పు చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు. చివర ప్రశ్నలు అడగమన్నప్పుడు మధ్య వరసలో ఒక ముసలాయన తువ్వాలు భుజం మీద సర్దుకుని లేచాడు.

"ప్రశ్న కాదు మా. మా సెల్లెలికి మొగుడు లేడు. మా పెద్దోని పెండ్లికి దాన్ని వంటింట్లోనే కూర్చోబెట్టినాము. వచ్చే నెల సిన్నోని పెండ్లి. దాన్ని ముందర కూర్చోబెట్టాల్నని ఉండాది నాకు. ఇంట్లో ఇంకా సెప్పలేదు. ఈడ మొదటిసారి సెప్తాండాను."

చెప్పి కూర్చున్నాడు. అధ్యక్షుడు నా వైపు తిరిగి, స్పందించమన్నట్టు తల ఊపాడు. నా గొంతులో వాక్యాలు సిద్ధంగా ఉన్నాయి. వాటిలో మంచివి కూడా ఉన్నాయి. ఆయన చెప్పేశాడు కదా అనుకుని మైకు ఆపి బల్ల మీద పెట్టాను. తరువాత గోడ పక్కన, ఆడవాళ్ల వైపు, ఒక కుర్చీ కిర్రుమంది. ఎవరో ఒకామె తానూ ఏదో చెప్పడానికి లేచి నిలబడింది.